లింబాద్రి పెట్టిన బంద్

లింబాద్రి ఖతర్‌కు పోయి పదేండ్లు దాటింది. ఊళ్ళె ఎవలన్న అడిగితె ‘దుబాయ్‌ల ఉంటడు’ అంటరు. ఖతర్ వేరు, దుబాయ్ వేరు అని చెప్పి చెప్పి ఇసుగొచ్చి ఇప్పుడు ఆయన గూడ దుబాయే అంటున్నడు. చేసేది స్టీల్ ఫిక్సర్ పని. వెస్ట్ బేల ఒక టవర్ లేస్తుంటె దానికి సలాకలు కట్టే గ్యాంగ్‌కు పెద్ద. ఉండేది ఉమ్ సలాల్ దాటినంక, తోటల నడుమ కంపెనీ కట్టిన మూడంతస్తుల క్యాంపుల. మనిషి చెడ్డోడు కాదు. ఈ మాట ముందుగాలనే చెప్పి పెడ్తున్న, ఎందుకంటె మిగతాది విన్నంక మీరు నమ్మరు.

ఎవలికన్న జరమొస్తె తనే క్లినిక్‌కు తోల్కపోతడు. అరబ్బీల కాయిదం వస్తె మలబారీ దుకాణపాయన కాడ సదివిచ్చుకొస్తడు. కొత్తగ వచ్చినోడు ఇంటి మీద రంది పెట్టుకుంటె వాని మంచం మీద కూసోని నవ్విచ్చేదాంక లేవడు. అంత మంచిదే. ఒక్కటే రోగం ఆయనకు, నలుగురిల పెద్దమనిషి అనిపిచ్చుకోవాలె. లింబన్న మాట అంటె మాటే అనాలె. గంతే, ఇంకేం అక్కర్లేదు.

ఆ రోగానికి మందు లెక్క కంపెనీ ఒక కమిటీ పెట్టింది. పనోళ్ళ దిక్కు నుంచి కొందరు, మేనేజ్‌మెంట్ దిక్కు నుంచి కొందరు కూసోని కష్టసుఖాలు మాట్లాడుకోవాలె. ఈ దేశంల మనసోంటి పరాయోళ్ళకు యూనియన్ లేదు, జెండా లేదు, ధర్నా లేదు. ఉన్నదల్లా ఈ కమిటీనే. పనోళ్ళే ఓట్లేసుకొని తమ మనిషిని ఎన్నుకోవాలని ఆఫీసు నుంచి వచ్చినాయన చెప్పిండు. డబ్బా తెచ్చి మెస్ హాల్‌ల పెట్టిండు. చీటీల మీద ఎవలు ఏం రాసిండ్రో ఎవలికీ తెల్వదు, భయపడకుండ్రి అన్నడు.

మనోళ్ళకు నవ్వొచ్చింది. డబ్బా ఎందుకు, చీటీలెందుకు? మన దిక్కు ఊర్లల్ల వీడీసీ అని ఒకటుంటది. విలేజ్ డెవలప్‌మెంట్ కమిటీ. సర్కారు పెట్టింది కాదు, చట్టంల రాసింది కాదు. కులానికి ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు ఒక్కకాడ కూసుంటె అదే కమిటీ. ఇసుక ఎవలు తోలాలె, మందు దుకాణం ఎవలు నడపాలె, సర్పంచ్ ఎవలు కావాలె, అంత అదే తేలుస్తది. ఓట్లదాంక పోతె ఊరి ఇజ్జత్ పోయినట్టు. ఏకగ్రీవం అయితె ఊరు ఒక్కమాట మీద ఉన్నట్టు. గా తరీకనే క్యాంపుకు తెచ్చిండ్రు. డబ్బా పెట్టకముందే తిరుమల్ అనేటాయన రూము రూముకు తిరిగి లింబన్నే అని చెప్పొచ్చిండు. నేపాలోళ్ళకు చెప్పిండు, బంగ్లాదేశోళ్ళకు చెప్పిండు. పేరిచ్చిన ఒక బిహారీ ఆయనకు చాయ్ తాపి వాపస్ తీసుకునేటట్టు చేసిండ్రు.

ముజఫ్ఫర్ అలీ ఒక్కడే అడ్డం మాట్లాడిండు. ఈయనది లింబాద్రి పక్క మండలమే, కోరుట్ల దిక్కు. వయసుల లింబాద్రి కంటె పెద్ద. ఇద్దరిదీ ఒక్కటే రూము, ఒక్కటే వంట బ్యాచ్. ‘డబ్బా తెచ్చిండ్రు గదా, ఓటేసుకుందం, నేను గూడ నీకే ఏస్త’ అన్నడాయన. ‘మనల మనకు ఓట్లేంది భాయ్’ అని అందరు నవ్విండ్రు. లింబాద్రి నవ్విండు గని లోపట ఏదో గుచ్చుకున్నట్టయ్యింది. ఆఫీసాయన మాత్రం ఏకగ్రీవం అని విని సంబురపడి చప్పట్లు కొట్టిండు. ఆయనకేం తెలుసు పాపం.

అసలు వీడీసీ అంటె ఏందో లింబాద్రికి తెలిసినంత ఎవలికి తెలుసు? ఆయన మీసాలు రాని వయసుల వాళ్ళింటినే బంద్ పెట్టిండ్రు. పొలం గట్టు పంచాయితీల తండ్రి కమిటీని దాటి ఠాణకు పోయిండని డప్పు సాటించిండ్రు. కిరాణం దుకాణంల ఉప్పు పుట్టలేదు, మంగలి రాలేదు, ఆటో ఎక్కనియ్యలేదు. తల్లి నర్సవ్వ వడ్లమూట నెత్తిన పెట్టుకొని పక్కూరి గిర్నీకి నడిచింది. ఎదురింటామె చూసి తలుపు పెట్టుకున్నది. అంత అనుభవించినోడు ఏం నేర్సుకోవాలె? ఇట్లాంటిది పగోనికి గూడ రావద్దని నేర్సుకోవాలె. లింబాద్రి నేర్సుకున్నది వేరే. బంద్ పెట్టేటోళ్ళ దిక్కున ఉండాలె, పడేటోళ్ళ దిక్కున ఉండద్దు అని నేర్సుకున్నడు.

కమిటీ మెంబర్ అయినంక ఆయన నడక మారింది. మీటింగ్ ఉన్ననాడు ఇస్త్రీ అంగీ ఏసుకొని ఏసీ రూముల కూసునేది. మేనేజర్ పేరు పెట్టి పిలుస్తుండె, చేతికి చాయ్ అందిస్తుండె. లింబాద్రి ఒకటి రెండు పనులు చేపిచ్చిండు గూడ. బాత్రూముల గీజర్లు బాగయినయి, మెస్‌ల కొత్త ఫ్రిజ్ వచ్చింది. అందరు శభాష్ అన్నరు.

జూన్ వచ్చింది. ఎండకాలంల పొద్దున పది దాటినంక మూడున్నరదాంక బయట పని చేపియ్యద్దని ఇక్కడ రూలు. ఆ రూలు మంచిదే, గని టవర్ కాడ స్లాబు పని ఎనకబడ్డది. ఫోర్‌మన్ యల్లా యల్లా, జల్ది జల్ది అనుకుంట పది దాటినంక గూడ సలాకలు కట్టిచ్చుడు మొదలుపెట్టిండు. ఒకనాడు ఆదిలాబాద్ దిక్కు జైబా అనే మనిషి సలాకల మీదనే కండ్లు తేలేసి పడిపోయిండు. నీళ్ళు కొట్టి, నీడకు గుంజి, బండిల ఏసి పంపిచ్చిండ్రు. బతికిండు. లింబాద్రి మేనేజర్ కాడికి పోయిండు. స్లాబు పడేదాంక ఓపిక పట్టు లింబాద్రీ, నీ మీదనే నమ్మకం పెట్టుకున్న అని మేనేజర్ భుజం మీద చెయ్యేసిండు. గా చెయ్యి బరువుకే లింబాద్రి వంగిపోయిండు. వాపసొచ్చి ‘నేను మాట్లాడిన, సారు చూస్తనన్నడు’ అని అందరికి చెప్పిండు. ఓవర్‌టైం వస్తున్నది గదా అని అందరు ఊకున్నరు.

ముజఫ్ఫర్ అలీ ఊకోలేదు. లేబర్ మినిస్ట్రీకి ఫోన్‌ల కంప్లయింట్ పెట్టిండు. తనిఖీ చేసేటోళ్ళు నడి ఎండల వచ్చి కండ్లతోని చూసి, గేటుకు నోటీసు అంటిచ్చి పని ఆపేసిండ్రు. ఇగ అందరు క్యాంపుల ఖాళీగ కూసున్నరు. ఓవర్‌టైం మాఫీ, అసలు డ్యూటీనే మాఫీ. మేనేజర్ లింబాద్రిని పిలిచి చాయ్ ఇయ్యకుంట నిలవెట్టి, నీ మనుషులు నీ మాట ఇనరని తెల్వకపాయె అన్నడు. గా మాట మోసుకొని లింబాద్రి రూముకొచ్చిండు. కంప్లయింట్ ఎవలు పెట్టిండ్రో వెతికే పని గూడ లేకుండె. ‘నేనే పెట్టిన, ఏం దాచిపెట్టుడు’ అని ముజఫ్ఫర్ అలీ తినుకుంటనే చెప్పిండు.

ఆ మాపటికే లింబాద్రి తన మంచం మీద అందరిని కూసుండవెట్టుకొని ఊరి తరీకల తేల్చిండు. కమిటీని దాటిపోయిండు కాబట్టి బంద్. వంట బ్యాచ్‌ల నుంచి తీసెయ్యాలె. మాట్లాడద్దు. పని మల్ల మొదలయితె బస్సుల పక్కన కూసోవద్దు. పొద్దుగాల డ్యూటీకి లేపద్దు. క్యాంపుల ముందు లేసినోడు మిగతా అందరి ఇనుప మంచాలు తట్టుకుంట పోతడు, ఇగ ఆయన మంచం తట్టద్దు. ఎవలు తప్పితె వాళ్ళకు గూడ ఇదే. మతం ముచ్చట కాదిది, కమిటీ ముచ్చట అని లింబాద్రి చెప్పిండు. ఎవ్వలు అడగకముందే చెప్పిండు.

అందరు సరే అన్నరు. జైబా గూడ సరే అన్నడు. తన పానం కోసమే ఆయన ఫోన్ చేసిండని తెలిసి గూడ తల కిందికి ఏసుకొని సరే అన్నడు. వానిదేం తప్పు, లింబన్న మొఖం చూసి భయపడ్డడు.

ముజఫ్ఫర్ అలీ కొట్లాడలేదు. ఒక చిన్న గిన్నె కొనుక్కొని అందరు వండుకున్నంక తను వండుకునేది. నమాజ్ చేసుకునేది, తినేది, చీకటి పడంగనే దుప్పటి నెత్తి మీదికి గుంజుకొని గోడ దిక్కు తిరిగి పండుకునేది. పదేండ్లసంది మాపటి పూట రూముల ముచ్చట చెప్పేది ఆయనే. ఆయన ముచ్చట లేక రూము బోసిపోయింది. లింబాద్రి ఒకటి రెండు మాట్ల ఆయన మంచం దిక్కు చూసిండు. అయినా పెద్దమనిషి గదా, ఎట్ల దిగుతడు?

గప్పుడే ఇరాన్ మీద బాంబులు పడ్డయి. ఇజ్రాయిల్ ఒక దిక్కు, అమెరికా ఒక దిక్కు. ఎక్కడో కొట్లాట, మనకేంది అనుకుంట మనోళ్ళు ఫోన్‌ల వీడియోలు చూసేటోళ్ళు. ఒకనాటి సాయంత్రం విమానాలు బంద్ చేసిండ్రని వార్తొచ్చింది. ఎందుకు చేసిండ్రో అనుకునేలోపట ఆకాశంల ఎర్రటి చుక్కలు లేసి పరుగు పెట్టినయి. ఆ ఎనక పెద్ద సప్పుడు. కిటికీ అద్దాలు గజగజ ఊగినయి. ఇరాన్ ఇక్కడి అమెరికోళ్ళ బేస్ మీదికి మిస్సైళ్ళు ఇడిసింది. అవి మన నెత్తి మీద పడ్తయా, పక్కన పడ్తయా, ఎవలికి తెలుసు? క్యాంపు మొత్తం ఒక్కసారి మెట్ల మీదికి ఉరికింది.

నిప్పంటుకుంటె ఏం చెయ్యాలని కంపెనీ నేర్పిన పద్ధతి ఒకటుంది. కమిటీ మెంబర్ తన అంతస్తు మొత్తం చూసి, ఒక్క మనిషి లేకుంట దించి, ఆఖరుకు తను దిగి క్యాంప్ బాస్‌కు చెప్పాలె. లింబాద్రి ఉరకలేదు. ఆ మాట నిజమే చెప్పాలె, ధైర్నంగనే నిలవడ్డడు. అన్ని రూములు చూసిండు, బాత్రూముల తలుపులు కొట్టిండు, గజగజ వణుకుతున్న ఒక నేపాలీ ఆయనను చెయ్యి పట్టి మెట్లదాంక తెచ్చిండు. ఆఖరుకు తన రూముకు వచ్చిండు.

కింది మంచం మీద ముజఫ్ఫర్ అలీ దుప్పటి కప్పుకొని పండుకొని ఉన్నడు.

లింబాద్రి మంచందాంక పోయిండు. ఇనుప రాడ్ తట్టనీకి చెయ్యి లేపిండు. గప్పుడే మెట్ల కాడ నుంచి తిరుమల్ ‘అన్నా, ఎవలన్న ఉన్నరా’ అని పిలిచిండు. తిరుమల్ ఎనక ఇంకో నలుగురు ఉన్నరు. లేపద్దు అన్న మాట తనదే. తప్పినోనికి గూడ బంద్ అన్న మాట తనదే. ఇప్పుడు తనే తట్టితె? లింబాద్రి చెయ్యి గాలిల ఆగింది. ఇంకో సప్పుడయ్యింది. చెయ్యి కిందికి దిగింది. నేనేం దాచను, ఆ మనిషి చెయ్యి దించుకొని, ‘ఎవ్వల్లేరు’ అని బయటికి నడిచిండు. కింద క్యాంప్ బాస్ ‘థర్డ్ ఫ్లోర్ ఖాళీ?’ అని అడిగిండు. లింబాద్రి ‘ఖాళీ’ అన్నడు.

మైదానంల అందరు ఆకాశం దిక్కు చూస్తున్నరు. కొందరు రామా అంటున్నరు, కొందరు యా అల్లా అంటున్నరు, కొందరు ఇంటికి వీడియో కాల్ కలుపుతున్నరు. లింబాద్రి ఒక్కడే మూడో అంతస్తు కిటికీ దిక్కు చూస్తున్నడు. ఒక్క మిస్సైల్ అటు మర్లితె ఏమైతదో ఆయనకు తెల్వదా? పైకి పోదమని రెండు మాట్ల అడుగేసిండు. ఏందన్నా అని తిరుమల్ అడిగితె ఏం లేదన్నడు.

దేవుని దయ, ఎవలికేం కాలేదు. సప్పుళ్ళు ఆగినంక అందరిని పైకి పొమ్మన్నరు. ముజఫ్ఫర్ అలీ ఎట్లున్నోడు అట్లనే, దుప్పటి కప్పుకొని పండుకొని ఉన్నడు. ఏమెరుగకుంట పండుకున్నడు, తెల్వనే తెల్వదు అని లింబాద్రి ఊపిరి పీల్చుకున్నడు. పీల్చుకున్నంక తన మీద తనకే అసహ్యం పుట్టింది. మనిషి బతికిండని కాదు, తనను చూడలేదని సంబురపడ్డడు. అంత దిగజారిన్నా అనుకున్నడు. సిగ్గుతోని చెవులు కాలినయి.

తెల్లారి నర్సవ్వ ఫోన్ చేసింది. దుబాయ్‌ల బాంబులు పడ్డయట గద కొడుకా అని ఏడ్చింది. మంచిగున్న అవ్వా, ఏం కాలేదు అన్నడు. అందరు మంచిగున్నరా, ముజఫ్ఫర్ మంచిగున్నడా అని అడిగింది. కిందటి సెలవుల ముజఫ్ఫర్ అలీ పని పెట్టుకొని వాళ్ళ ఊరికి పోయి ముసలామెకు మోకాళ్ళ మందు ఇచ్చొచ్చిండు. ఆమె జొన్నరొట్టె పెడ్తె వాకిట్ల కూసోని తిన్నడు. ‘ఆయన నీ పక్కపొంటి ఉన్నడనే నాకు ధైర్నం బిడ్డా. ఒక్కసారి ఫోన్ ఇయ్యి, మాట్లాడ్త’ అన్నది.  ముజఫ్ఫర్ అలీ రెండు మంచాల అవతల దుప్పటి మడుస్తున్నడు. ‘డ్యూటీకి పోయిండే అవ్వా’ అని లింబాద్రి అబద్ధమాడి ఫోన్ పెట్టేసిండు. బంద్‌ల వడ్లమూట మోసిన తల్లితోని తను పెట్టిన బంద్ ముచ్చట ఏ మొఖంతోని చెప్తడు?

శుక్రవారందాంక ఆ సిగ్గును మోసిండు. మోసిండు గని సక్కగ ఒప్పుకున్నడా అంటె, లేదు. శుక్రవారం నాడు మటన్ వండినంక అందరి ముందట నిలవడి ఉపన్యాసం ఇచ్చిండు. మనం ఎప్పుడు పోతమో తెల్వదు, గీ బాంబుల నడుమ మనకు మనకు పగలెందుకు, బంద్ ఎత్తేస్తున్న అన్నడు. ఊళ్ళె అయితె వాపస్ కలిసేటోడు దండుగ కట్టి దండం పెట్టాలె, ఇక్కడ అదేం వద్దు, భాయ్ మనోడే అన్నడు. అందరి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. లింబన్నది పెద్ద దిల్ అని తిరుమల్ అన్నడు. చూసిండ్రా, తప్పు చేసినోడు క్షమించినోడయ్యిండు. చెప్పే మాట తన చేతిల ఉంటె గిట్లనే ఉంటది.

ముజఫ్ఫర్ అలీ వచ్చి కూసున్నడు. ఏసింది తిన్నడు. జైబా ఆయన పళ్ళెంల ఇంకో ముక్క ఏసి, తల ఎత్తకుంట లేసిపోయిండు.

తిన్నంక ఇద్దరు నల్లా కాడ పళ్ళేలు కడుగుతున్నరు. పక్కన ఎవ్వలు లేరు. లింబాద్రికి మనసు ఒప్పలేదు. ఎట్లనో మొదలుపెట్టిండు.

“భాయ్, ఆనాడు సప్పుళ్ళయితుంటె రూముకొచ్చిన. నువ్వు మంచి నిద్రల ఉంటివి. లేపుదమనుకునేలోపట...”

“పండుకోలే తమ్మీ,” అన్నడు ముజఫ్ఫర్ అలీ. “మొదటి సప్పుడుకే మెల్కవచ్చింది.”

 మరెందుకు దిగలేదని లింబాద్రి అడిగిండు.

“దిగి ఎవల పక్కన నిలవడాలె? అందరు జరిగి చోటిచ్చేటట్టుండెనా?” ముజఫ్ఫర్ అలీ నల్లా బంద్ చేసిండు. “నువ్వొచ్చినవ్. దుప్పటి సందుల నుంచి చూసిన. చెయ్యి గూడ లేపినవ్. ఇగ తట్టుతడు, ఇగ పిలుస్తడు అనుకున్న. అల్లా తోడు, గా జరంతసేపు మిస్సైళ్ళు యాదికే లేవు నాకు. నువ్వు పోయినంకనే సప్పుళ్ళు మల్ల ఇనొచ్చినయి.”

కోపంగ అన్లేదు. కోపంగ అంటె బాగుండు, లింబాద్రి తట్టుకునేటోడు. ఆయన మొఖం దిక్కు చూడలేక నల్లా దిక్కు చూసుకుంట లింబాద్రి ఏడ్చిండు. తప్పయ్యింది భాయ్ అన్నడు. నాది తప్పయ్యింది, కమిటీది కాదు, నాదే అన్నడు. తడి చేతులతోని ఆయన చేతులు పట్టుకున్నడు.

“ఇప్పుడే పోయి అందరికి చెప్త. నిన్ను చూసి గూడ ఖాళీ అని చెప్పిన్నని చెప్త.”

“వద్దు,” అన్నడు ముజఫ్ఫర్ అలీ. “చెప్తె నిన్ను బంద్ పెడ్తరు. నువ్వు నేర్పిందే గదా, మంచిగనే నేర్సుకున్నరు. నేనంటె ఎట్లనో ఉన్న. నువ్వు రెండు దినాలు గూడ ఉండలేవు తమ్మీ.”

గా మాట అని పళ్ళెం దులుపుకొని నమాజ్‌కు పోయిండు.

లింబాద్రి ఎవ్వలికి చెప్పలేదు. టవర్ కాడ పని మల్ల మొదలయ్యింది, పది కాంగనే ఆపుతున్నరు. రూముల ముజఫ్ఫర్ అలీ ముచ్చట్లు మల్ల మొదలయినయి, అందరు నవ్వుతున్నరు. మొన్న కమిటీ ఎలక్షన్ మల్ల వస్తె మల్ల ఏకగ్రీవమే చేసిండ్రు, ఈసారి ముజఫ్ఫర్ అలీ గూడ ఓటు ముచ్చట ఎత్తలేదు. భాయ్ వద్దన్నడు కాబట్టే నేను చెప్పలేదు అని లింబాద్రి శానా దినాలు తనకు తను చెప్పుకున్నడు. ఇప్పుడు గా మాట గూడ చెప్పుకుంటలేడు.